గ్లాసు నీళ్లలో టమోటా కాడ

టమోటా పెట్టినోళ్లు కొంచెం ఓపిగ్గా చదవండి.

పోయిన వానాకాలం మా ముప్పావు ఎకరా టమోటా కాపు మీద ఉండగా చెట్లు వాలడం మొదలైంది. ఆకు పసుపెక్కలేదు, పచ్చగానే ఉంది. మధ్యాహ్నం వాలిన చెట్టు సాయంత్రానికి కొంచెం లేచేది. నాలుగో రోజు ఇక లేవలేదు. బూజు తెగులే అనుకొని కార్బెండజిమ్ మొదళ్లలో పోశా, రెండుసార్లు. కూలీతో కలిపి నాలుగు వేలు మట్టిలో పోసినట్టే అయింది.

తర్వాత వ్యవసాయాధికారి వచ్చి ఒక చెట్టు పీకి, మొదలు దగ్గర కాడ కోసి, గ్లాసు నీళ్లలో కదలకుండా పట్టుకోమన్నాడు. రెండు మూడు నిమిషాలకు కోసిన చోటు నుంచి పాల దారం మాదిరి తెల్లగా కిందికి దిగింది. ఇది బాక్టీరియా ఎండు తెగులు, రాల్‌స్టోనియా అన్నాడు.

నేను ఇంటర్లో బైపీసీ. బాక్టీరియా కణం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నోణ్ణే. ఆ బొమ్మ మన చేలో ఏం పని చేస్తుందో ఏ రోజూ ఆలోచించలేదు. తోక మాదిరి గీస్తామే కశాభం, దాంతోనే అది తడి మట్టిలో ఈదుకుంటూ వేరు దగ్గరికొస్తుంది. పార తగిలిన గాయమున్నా, నులిపురుగు కొరికినా అక్కడ దూరుతుంది. లోపల నీళ్లు పోయే గొట్టాల్లో పెరుగుతూ చుట్టూ జిగురు వదులుతుంది. మిల్లీమీటరు పొడవులో ఐదొందల దాకా వరసగా పడతాయి, అంత చిన్నవి. అవే కోట్లలో చేరి జిగురు కక్కితే గొట్టం మూసుకుపోతుంది. కింద తడి ఉన్నా చెట్టు దప్పికతో చస్తుంది. గ్లాసులో దిగింది ఆ జిగురూ, ఆ కణాలే.

మరి మందెందుకు పనిచేయలేదు? బూజు కణంలో కేంద్రకం ఉంటుంది. కణం రెండయ్యేటప్పుడు ట్యూబులిన్ అనే ప్రోటీన్ దారాలు దాన్ని పంచుతాయి. కార్బెండజిమ్ ఆ దారాలు అల్లుకోకుండా చేస్తుంది. బాక్టీరియాకు కేంద్రకమే లేదు, ఆ దారాలూ లేవు. ఇంక ఆ మందు దేన్ని పట్టుకోవాల?

ఇది మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. వంగ, మిరప, ఆలుగడ్డకూ వస్తుంది. అందుకే ఈసారి ఆ కయ్యలో మొక్కజొన్న వేశా.

ఇంకో మాట. నా కయ్య నీళ్లు కింద మా చిన్నాయన కొడుకు కయ్యలోకి పోతాయి. చెట్లు వాలుతున్నాయని ఇంకా ఎక్కువ తడి పెట్టింది నేనే. ఆ నీళ్లతోనే జబ్బు కిందికి పోయింటుంది. పది రోజులకు వాని టమోటా కూడా వాలింది. విత్తనం మంచిది కాదని వాడు ఇప్పటికీ అనుకుంటున్నాడు. తమ్ముడూ, ఇది చదివితే సాయంత్రం ఇంటికి రా.