చెల్సీ ఔషధోద్యానము

లండను మహానగరమున థేమ్సునది యుత్తరపుటొడ్డున, చెల్సీ పేటయందు, ఎత్తైన యిటుకగోడల మాటున సుమారు నాలుగెకరముల తోట యొకటి కలదు. స్వాన్ వాక్ అను ఇఱుకువీధిలోని చిన్న ద్వారము దాటి లోనికి పోవునంతవఱకు, ఆ గోడల వెనుక మూడున్నర శతాబ్దములుగా మందుమొక్కలు పెరుగుచున్నవని బాటసారికి తెలియదు. వైద్యచరిత్రమునం దభిరుచి గల నాకు ఆ తోటను చూడవలెనను కోరిక చిరకాలముగా నుండెను. లండనులో వైద్యవృత్తి నవలంబించియున్న గుంటూరుసీమ మిత్రుడొకరు తోడురాగా, జూన్ మాసమున నొక యుదయమున అచ్చటికి పోయితిని.

ఈ యుద్యానమును 1673లో నెలకొల్పినవారు మందులు నూఱి, కలిపి, పొట్లములు కట్టి యమ్ముకొనెడి లండను ఔషధకారుల సంఘమువారు. 1617 వఱకు పచారీ వర్తకుల సంఘములోనే యొక భాగముగా నుండిన వీరు, ఆ యేట మొదటి జేమ్సు రాజు శాసనముచే వేఱుపడి స్వతంత్ర సంఘ మేర్పఱచుకొనిరి. ఎండిన వేరును, పొడియైన ఆకును చూచి యిది ఫలానా మూలికయని నమ్మి మందు కట్టువానికి, ఆ మూలిక నేలలో నెట్లు మొలచునో, పూచినప్పు డెట్లుండునో, దానిని పోలిన విషపుమొక్క యేదియో తెలియనిచో, రోగి ప్రాణము గాలిలో దీపమే యగును. పని నేర్చుకొనవచ్చిన కుఱ్ఱవాండ్రకు సజీవమైన మొక్కను చూపి గుర్తుపట్టుట నేర్పుటకే ఈ తోట పుట్టినది. నదియొడ్డును ఏరుకొనుటకు కారణము సంఘమువారి పడవ నిలుపుకొనుటకును, ఆ పడవలో శిష్యులను పల్లెలకు గొనిపోయి అడవిమూలికలను చూపించుటకును వీలుండుటయే. ఒడ్డున రాజమార్గము కట్టిన 1874 నుండి తోటకును నదికిని నడుమ ఆ పొత్తు తెగిపోయినది.

లోపల నడుగుపెట్టినంతనే గాలి మాఱినట్లు తోచెను. దక్షిణముఖముగా వాలిన నేల. పగలంతయు నెండను పీల్చి రాత్రి మెల్లగా వెచ్చదనమును విడిచెడి గోడలు. వాటి యండ చూచుకొని, ఆ చలిదేశమున ఆరుబయట ఆలివ్ చెట్టొకటి మహావృక్షమై నిలిచి కాయలు కాయుచున్నది. అంతకంటె సుకుమారములైన యుష్ణదేశపు మొక్కలకు అద్దపుటిండ్లు కలవు. 1685లో ఈ తోటను దర్శించిన జాన్ ఎవెలిన్ తన దినచర్యలో, నేలక్రింద పొయ్యి పెట్టి మొక్కలయింటిని వెచ్చగా నుంచు ఏర్పాటును, చలిజ్వరములను కుదిర్చెడి సింకోనా చెట్టును ఇచ్చట చూచినట్లు వ్రాసికొనెను. అంతకు రెండు మూడేండ్ల ముందే హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయపు తోటతో విత్తనముల మార్పిడి మొదలైనది. ఈ తోటలో పండిన విత్తులను ఆరబెట్టి, పొట్లములు కట్టి, పట్టిక అచ్చువేసి యితర దేశముల యుద్యానములకు పంపెడి యాచారము నేటికిని నడచుచునే యున్నది.

తోట నడుమ సర్ హాన్స్ స్లోన్ శిలావిగ్రహపు ప్రతికృతి కలదు. అసలు విగ్రహము బ్రిటిషు మ్యూజియమున భద్రముగా నున్నది. యువకుడుగా నున్నప్పు డిచ్చటనే మొక్కలను చదివికొన్న ఈ వైద్యుడు 1712లో చెల్సీ జమీని కొని, 1722లో ఈ స్థలమును సంఘమువారికి ఏటికి అయిదు పౌనుల శిస్తుపై శాశ్వతముగా నిచ్చివైచెను. ఇచ్చుచు నొక నియమము పెట్టెను: తోటలో పెరిగిన మొక్కలలో భిన్నములైన యేబదింటిని ఏటేట ఎండబెట్టి, పేర్లు వ్రాసి, రెండువేలు నిండువఱకు రాయల్ సొసైటీకి సమర్పింపవలెను. తోటను పాడుపెట్టినవాడు ఏటేట క్రొత్త మొక్కల నేబదింటి నెట్లు చూపగలడు? తోటను బ్రతికించుటకు ఇంతకంటె తెలివైన నిబంధనను నేను వినలేదు. అయినను, ఆయన భార్యవలన సంక్రమించిన జమైకా చెఱకుతోటలలో బానిసలు కార్చిన చెమటయు ఈ దానమునకు కారణమైన సంపదలో నున్నదని చెప్పక దాటుట న్యాయము కాదు.

ఔషధపు మళ్ళలో నేను చిరకాలము నిలిచిపోయిన చోటు ఫాక్స్‌గ్లవ్ మొక్కయొద్ద. నిలువెత్తు కాడకు ఒక ప్రక్కగా వ్రేలాడు ఊదారంగు గంటపూవులు. వంగి చూచిన, ఒక్కొక్క పూవు గొంతులో తెల్లని యంచు చుట్టిన ముదురు చుక్కలు. ఉబ్బురోగమున దీని యాకు పనిచేయు తీరును విలియం విథరింగ్ అను వైద్యుడు ఏండ్ల తరబడి పరిశీలించి 1785లో గ్రంథముగా ప్రకటించెను. ఆ కుటుంబమునకే చెందిన మఱియొక మొక్కనుండి తీసిన డిగాక్సిన్ నేటికిని గుండెజబ్బులవారికి వాడుదురు. మోతాదు కొంచెము మించెనా, కాపాడవలసిన గుండెనే అది నిలిపివేయును. పూవు లేనప్పుడు ఈ యాకును కామ్‌ఫ్రీ యాకని భ్రమించి కషాయము కాచుకొని ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు కలరు. ఆ రెండు మొక్కల ఆకులను చూచి పోల్చుకొంటిమి. ఫాక్స్‌గ్లవ్ యాకు యంచున సన్నని రంపపుపండ్లు, అడుగున మెత్తని నూగు. కామ్‌ఫ్రీ యాకు యంచు నున్నన, ఒడలెల్ల గరుకు ముండ్లవెండ్రుకలు. మిత్రుడు కొంతసేపు మాటాడక, పిదప, "ఈ మందును ఎన్నేండ్లనుండియో వ్రాసి యిచ్చుచున్నానండీ, మొక్కను చూచుట మాత్రము ఇదే మొదలు" అనెను.

అద్దపుటింట కుండీలో మన బిళ్ళగన్నేరు కనబడెను. పల్లెలలో దొడ్డిగోడ మొదటను, గుడిప్రాకారపు బీటలోను, ఎవరును నీరు పోయకయే పెరిగి, పశువు ముట్టక, ఏడాది పొడుగునను పూచెడి ఆ మొక్క యిచ్చట రాజోపచారముల ననుభవించుచున్నది. మడగాస్కరు దానికి పుట్టినిల్లు. ఫ్రాన్సు రాజోద్యానమునుండి వచ్చిన విత్తులతో, పదునెనిమిదవ శతాబ్దపు నడుమ, ఈ తోటలో దానిని పెంచినవాడు ఫిలిప్ మిల్లర్. ఆయన 1722 మొదలు 1770 వఱకు ఇచ్చట ప్రధానోద్యానపాలకుడుగా నుండి, 1731లో తోటపనికి ఒక మహానిఘంటువును కూర్చిన కర్మయోగి. 1736లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ అంతటివాడు వెదకికొని వచ్చి ఈయనను కలిసికొనెను. చెల్సీనుండి బిళ్ళగన్నేరు ఐరోపా తోటల కెల్ల ప్రాకెను. రెండు శతాబ్దముల పిమ్మట కెనడాలో రాబర్టు నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు మధుమేహమునకు మందు వెదకుచు దాని యాకులను పరీక్షింపగా, తెల్లకణములను తగ్గించెడి పదార్థము దొరకెను. అదియే విన్‌బ్లాస్టిన్. దాని తోబుట్టువైన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్తపు క్యాన్సరుకు ముఖ్యౌషధములలో నొకటి. గ్రాము మందుకై వందల కిలోల ఎండుటాకు కావలెను. అందుచేత మన దేశమున దీనిని పైరుగా పండించు రైతులును కలరు.

ఇచ్చటి రాతిగుట్ట 1773లో కట్టినది. లండను కోటనుండి తెచ్చిన పాతరాళ్ళ నడుమ, వృక్షశాస్త్రజ్ఞుడైన జోసెఫ్ బ్యాంక్సు ఐస్‌లాండునుండి ఓడలో తెచ్చిన నల్లని లావారాళ్ళు గలవు. ఆ బ్యాంక్సే తరువాతి కాలమున, మన సామర్లకోటలో మిరియము, నీలి మొదలగు పైరులను ప్రయోగముగా పెంచి, కోరమాండలు తీరపు మొక్కలను చిత్రింపించి, వాని తెలుగుపేర్లను గ్రంథస్థము చేసిన విలియం రాక్స్‌బర్గు కృషిని 1795 నుండి అచ్చునకు తెప్పించెను. ఆ రాళ్ళను తాకినప్పుడు గోదావరిమండలము నాకు దూరమనిపింపలేదు.

1899లో ఔషధకారుల సంఘము ఈ భారమును వదలికొనెను. ఒక ధర్మసంస్థ పూనుకొని కాపాడినందున తోట నిలిచి, 1983లో తొలిసారిగా సామాన్యజనులకు తలుపులు తెఱచెను. నేడు అయిదువేలకు దగ్గరగా మొక్కలు కలవందురు. అన్నిటికంటె నన్నాకర్షించినది ప్రతి మొక్కకును ప్రక్కన గ్రుచ్చిన పేరుపలకయే.

మన యంగళ్ళలో పేరొకటి, మొక్క వేఱొకటి యగుట కలదు: రాస్నయని యొక సీమలో నొక మొక్క వేరును, దక్షిణాదిని దుంపరాష్ట్రమును ఇచ్చుచున్నారు; బ్రాహ్మియనిన ఒకరు సరస్వతియాకును, మఱియొకరు వేఱొక నీటిమొక్కను ఇత్తురు. ఆయుర్వేద కళాశాలలలో తోటలు లేకపోలేదు. కాని విద్యార్థి యేటేట తాను పెంచిన మొక్కలను తానే ఎండబెట్టి, పేరు వ్రాసి, గురువునకు చూపవలెనను స్లోన్ వంటి నియమము మనకును కావలెను. కళాశాలల పెద్దలు ఈ వర్షకాలముననే సామర్లకోట మొదలుకొని అట్టి తోటల కుపక్రమింతురుగాక యని ప్రార్థించుచున్నాను.