కంప్రెసర్ లేని చల్లదనం

ఇథాకా, న్యూయార్క్ రాష్ట్రం
జులై

బాబాయ్ గారికి,

భీమవరంలో అన్నేళ్లు ఐసు ఫ్యాక్టరీ నడిపినవారు మీరు. ఇక్కడ చూసింది మీకు రాయకుండా ఉండలేకపోతున్నాను. అమ్మాయి చదువుకుంటున్న కార్నెల్ విశ్వవిద్యాలయం కొండ మీద ఒక ఊరంత ఉంది. బయట ఎండ చురుక్కుమంటోంది. లోపల ప్రయోగశాలలు, గ్రంథాలయాలు, కంప్యూటర్ గదులు అన్నీ చల్లగా ఉన్నాయి. మీరుంటే ముందు "ప్లాంటు ఎక్కడ, కంప్రెసర్లు ఎన్ని?" అని అడిగేవారు. ఆ చల్లదనమంతా దాదాపుగా కంప్రెసర్ తిరగకుండానే వస్తోంది బాబాయ్. కొండ కింది సరస్సు అడుగు నుంచి వస్తోంది.

ఆ సరస్సు పేరు కయూగా. పూర్వం హిమానీనదాలు తొలిచిన లోయలో, దాదాపు 60 కిలోమీటర్ల పొడవున సన్నగా సాగి ఉంటుంది. లోతైన చోట 130 మీటర్లు దాటుతుంది. ఇందులోని కిటుకంతా నీటి గుణంలోనే ఉంది. 4 డిగ్రీల దగ్గర నీళ్లు అన్నిటికన్నా బరువు. ఇక్కడి చలికాలంలో పైనీళ్లు చల్లబడి, బరువెక్కి అడుగుకు దిగిపోతాయి. ఎండలొచ్చాక పైన కాగిన నీళ్లు తేలికై పైనే ఉండిపోతాయి. వేసవిలో గాలి వీచినా అంత లోతున ఉన్న నీళ్లు పైనీళ్లతో కలిసిపోవు. అందుకే ఒడ్డున పిల్లలు హాయిగా ఈత కొట్టే ఈ జులైలో కూడా అడుగున 4, 5 డిగ్రీలే ఉంటుంది. పోయిన చలికాలం అక్కడ దాక్కుని ఉందన్నమాట!

2000 సంవత్సరం నుంచి ఆ చలిని వాడుకుంటున్నారు. ఒడ్డు నుంచి 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న ప్లాస్టిక్ గొట్టం సరస్సు అడుగున పరిచారు. దాని వ్యాసం 1.6 మీటర్లు. సుమారు 76 మీటర్ల లోతు నుంచి నీళ్లు తోడి ఒడ్డునున్న ప్లాంటుకు తెస్తుంది. అక్కడ పలుచని స్టీలు పలకలకు ఒకవైపు సరస్సు నీళ్లు, రెండోవైపు కొండ మీది భవనాల్లో తిరిగొచ్చిన నీళ్లు పారతాయి. రెండూ ఒకదానితో ఒకటి కలవవు, వేడి మాత్రమే చేతులు మారుతుంది. సరస్సు నీళ్లు కొంచెం వెచ్చబడి మళ్లీ సరస్సులోకే పోతాయి. గొట్టాలు వెళ్లే దారిలోనే ఉన్న ఊరి హైస్కూలుకు కూడా ఈ చల్లదనం ఇచ్చారు.

అంత ఎత్తుకు నీళ్లు ఎక్కించాలంటే పంపులకు కరెంటు మండిపోదా అని నాకు అనుమానం వచ్చింది. కానీ భవనాల గొట్టం మూసి ఉన్న చుట్టు కదా, గిలకకు రెండు చేదలు కట్టినట్టు, దిగే నీళ్ల బరువే ఎక్కే నీళ్లను లేపుతుంది. పంపు పడే కష్టం గొట్టంలో రాపిడిని గెలవడానికే. కంప్రెసర్‌తో నీళ్లు చల్లబరిచే మామూలు చిల్లర్లకు అయ్యే కరెంటులో సుమారు 86 శాతం మిగులుతోందని విశ్వవిద్యాలయం చెబుతోంది. పాత చిల్లర్లలో ఓజోను పొరను తినే వాయువు ఉండేది. దాన్ని ఎలాగూ మానుకోవలసి వచ్చిన రోజుల్లో, కొత్త చిల్లర్లు కొనకుండా దాదాపు 6 కోట్ల డాలర్లు పెట్టి ఈ దారి పట్టారు. ఖర్చు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుందని తెలిసీ పెట్టిన డబ్బు అది. నాకు అన్నిటికన్నా గౌరవం కలిగింది ఆ ఓర్పు మీదే.

ఊళ్లో దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. లోతు నీళ్లలో ఉండే భాస్వరం, నీళ్లు తిరిగి వదిలే లోతులేని దక్షిణపు కొసకు చేరితే నాచు పెరుగుతుందని అభ్యంతరం చెప్పారు. అది న్యాయమైన ప్రశ్న. అనుమతి ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వం సరస్సు నీటి మీద విశ్వవిద్యాలయం చేత పెద్ద అధ్యయనమే చేయించింది. తాగేవాళ్లు, ఈదేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు ఉన్న సరస్సు కదా, అడిగేవాళ్లు ఉండాల్సిందే.

మన కొల్లేటితో ఈ పని జరగదు. లోతు లేదు, గడ్డ కట్టించే చలికాలమూ లేదు. ఇలాంటి సరస్సు పక్కనే ఉన్న టొరంటోకు మాత్రం కుదిరింది. 2004 నుంచి అక్కడి నగరం నడిబొడ్డున ఉన్న ఆఫీసు భవనాలు ఒంటారియో సరస్సు అడుగు చలితో చల్లబడుతున్నాయి.

చలికాలంలో భవనాలను వెచ్చబెట్టడమే ఇక్కడ కార్నెల్‌లో ఇంకా తేలని పెద్ద లెక్క. బొగ్గు మండించడం 2011లో ఆపేశారు కానీ గ్యాసు ఆగలేదు. 2035కల్లా కర్బన భారం సున్నాకు తేవాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందుకే 2022లో ఆవరణలోనే సుమారు 3 కిలోమీటర్ల లోతుకు బోరు దించి చూశారు, భూగర్భంలోని వేడితో గదులు వెచ్చబెట్టొచ్చేమోనని. అది ఇంకా పరిశోధనగానే ఉంది.

మీ ఫ్యాక్టరీ వెనక కండెన్సర్ గొట్టాల మీద రాత్రింబవళ్లు నీళ్లు జారుతుండేవి, గుర్తుందా? ఆ నీళ్లు ఎంత వేడెక్కేవి, ఎటు పోయేవి? ఇక్కడ చూసినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. తీరిక చూసుకుని వివరంగా రాయండి. పిన్నిగారికి నా నమస్కారాలు.