స్టార్ట్ చేయకండి బావా

నయాపూల్ దగ్గర మూసీలో పడవలు తిరగవు. అయినా మా ఇంట్లో ఇన్సూరెన్స్ గురించి నాలుగు ముక్కలు తెలుసంటే, అది విశాఖలో బోటున్న మా మామయ్య వల్లే.

నాన్నది ట్రాలీ ఆటో. బేగంబజార్ చేపల మార్కెట్ నుంచి తెల్లారేసరికి సరుకు దుకాణాలకు చేరుస్తాడు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చాయి కదా, అప్పుడే నది పక్కన పెట్టిన మా ఆటో కూడా సీటు దాకా మునిగింది. నీళ్లు తగ్గాక నాన్న తాళంచెవి తీసుకుని బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. "స్టార్ట్ చేయకండి బావా. ముందు ఫొటోలు తీసి కంపెనీకి ఫోన్ చేయండి" అన్నాడు మామయ్య.

ఇంజిన్‌లో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే పిస్టన్ ఆ నీళ్లను నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు కంపెనీవాళ్లు "ఇది వరద వల్ల పోలేదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల పోయింది" అంటారు.

మామయ్యకు ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు లంగరు తాడు తెగి ఆయన బోటు పక్క బోట్లకు కొట్టుకుంది. చెక్కలు పగిలాయి. వేటకెళ్లకపోతే కలాసీలకు పని లేదు, అప్పుకి వడ్డీ ఆగదు. అందుకే సర్వేయర్ వచ్చేలోపే వడ్రంగిని పిలిచి బాగుచేయించాడు. వచ్చినాయన కొత్త చెక్కలు చూసి "ఏది పగిలింది?" అన్నాడట. పైగా తాడు పాతది, అరుగుదల పాలసీలోకి రాదన్నాడు. 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలోనూ మామూలు అరుగుదలకు కంపెనీ బాధ్యత లేదనే ఉంది. క్లెయిమ్ పోయింది.

ఆ కోపంతో పాలసీ మానేశాడు. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల బోట్లు కాలిపోయాయి. ఈయన బోటు వేటలో ఉండి బతికింది. ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. "ప్రతిసారీ ఇస్తారని ఏముంది?" అని మామయ్య మళ్లీ పాలసీ కట్టాడు.

మా ఆటోకి థర్డ్ పార్టీ ఒక్కటే ఉండుంటే రూపాయి కూడా వచ్చేది కాదు. ఓన్ డ్యామేజ్ కూడా ఉంది కాబట్టి క్లెయిమ్ వచ్చింది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మాత్రం తరుగుదల కింద సగం కోశారు. సర్వేయర్ వచ్చి, రిపేర్‌కి సరే అనేదాకా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నాన్న అద్దె ఆటో నడిపాడు. ఆ అద్దె ఏ పాలసీలోనూ రాలేదు.

నాకు అర్థమైంది ఇదే. రూల్ చదివితే న్యాయంగానే ఉంటుంది: ఏదీ కదపొద్దు, మేం చూసేదాకా ఆగండి. నెల జీతం వచ్చేవాళ్లు ఆగగలరు. రోజు కూలీ మీద బతికేవాళ్లకు ఆగడమే రెండో నష్టం. మామయ్య తొందరపడ్డాడని అప్పట్లో అందరూ అన్నారు. ఆగడానికి ఆయన దగ్గర డబ్బు లేదని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున మామయ్య బోటు తాళ్లూ చెక్కలూ లంగరూ ఫొటో తీసి నాకు పంపుతాడు. తాడు కొన్న బిల్లు కూడా. అన్నీ తేదీల ప్రకారం డ్రైవ్‌లో పెడుతున్నా. మీ ఇంట్లో బండి ఉంటే ఈ ఆదివారం ఓ ఐదు నిమిషాలు ఆ పని చేయండి.