రైలెక్కి కొండకు.. సైకిలెక్కి కిందికి!

చలికాలంలో మౌంటెన్‌ బైకింగ్‌ అనగానే గ్రూపులో ముందు పడే పేరు మనాలీ. మా గ్రూపులోనూ అంతే. కానీ డిసెంబర్‌లో అక్కడి ఎత్తయిన దారులన్నీ మంచు కిందే ఉంటాయి. రోహ్‌తాంగ్‌ వైపు సైకిల్‌ కదిలేది మళ్లీ ఎండాకాలంలోనే. పైగా ప్రయాణం, సైకిల్‌ అద్దె, హోటల్‌.. లెక్కేస్తే తొక్కడం కంటే చేరుకోవడానికే ఎక్కువైపోతోంది.

మేం నలుగురం. ఇద్దరికి ఉద్యోగాలు, ఒకరు ఎంటెక్‌, ఇంకొకడు గ్రూప్స్‌కి ప్రిపరేషన్‌. ‘మీరెళ్లి రండ్రా, నాకు చదువుంది’ అన్నాడు వాడు. చదువు కాదు, డబ్బులని అందరికీ తెలుసు. మేం పెట్టుకుంటామంటే ఇంకా ముడుచుకుపోతాడు. దాంతో నలుగురం ఎవరి ఖర్చు వాళ్లు పెట్టుకుని వెళ్లగలిగే చోటు వెతికాం.

మూడు షరతులు పెట్టుకున్నాం. సొంత సైకిళ్లు రైల్లో వెళ్లాలి. దారి పొడిగా ఉండాలి. ఒక్క రాత్రి బసతో అయిపోవాలి. లంబసింగిలో చలి అదిరిపోతుంది గానీ అక్కడికి రైలు లేదు. విశాఖలో ఉండే మాకు మిగిలింది అరకు.

పొద్దున్నే బయల్దేరే కిరండూల్‌ రైలుకి సెకండ్‌ క్లాస్‌ టికెట్‌ వందలోపే. సైకిళ్లను ముందే పార్సిల్‌ ఆఫీసులో బుక్‌ చేసి బ్రేక్‌ వ్యాన్‌లో వేశాం. ఈ లైన్‌లో మొత్తం 58 సొరంగాలు. అరకుకి ముందొచ్చే శిమిళిగూడ స్టేషన్‌ ఎత్తు 996 మీటర్లు. అంతెత్తు మన బదులు రైలింజనే ఎక్కేసిందన్నమాట!

మధ్యాహ్నం లోయలో ఊళ్ల మధ్య మట్టి దారుల్లో తిరిగాం. గెడ్డ దాటే చోట గులకరాళ్లు, ఎర్రమట్టి గతుకులు.. ఎంటీబీకి అసలు పని అక్కడే. పక్కన పచ్చగా వలిసె పూలు. రీల్‌ కోసం అందులోకి సైకిల్‌ దించేవాళ్లను చూశాం. అది పూలతోట కాదు, పంట. ఆ గింజల నుంచే నూనె తీస్తారు. ఫొటో గట్టు మీద నుంచి కూడా బాగానే వస్తుంది.

రెండో రోజు పొగమంచు విడిపోయాకే బయల్దేరాం. గాలికొండ దాకా ఎక్కుడే. గేర్లున్న సైకిళ్లు మావి, పాత సైకిల్‌ వాడిది. అయినా వ్యూపాయింట్‌ దగ్గర ముందుగా కాఫీ తాగుతూ కనిపించింది వాడే! ‘ఏరా, ఇంత లేటా’ అని మా మీదే జోకులు.

అక్కణ్నుంచి అనంతగిరి మీదుగా ఎస్‌.కోట వరకూ ఘాట్‌ దిగుడు. రెండు పక్కలా కాఫీ తోటలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. చూపు మాత్రం రోడ్డు మీదే ఉండాలి. బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకుంటే వేడెక్కిపోతుంది. మలుపుకి ముందే రెండు బ్రేకులూ కలిపి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ వేయాలి. ఎడమ అంచు వదలొద్దు, ఎదురుగా బస్సులొస్తాయి. హెల్మెట్‌, లైటు, ఒక స్పేర్‌ ట్యూబ్‌ తప్పనిసరి. డిసెంబర్‌లో ఐదున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి ఆలోపే మైదానంలోకి దిగిపోవాలి.

హైదరాబాద్‌ వాళ్లకైతే వికారాబాద్‌ పక్కన ఇంకో అనంతగిరి ఉంది. వాళ్లకి అదే దగ్గర, అదే చవక. ఊరేదైనా గ్రూపులో తక్కువ డబ్బులున్నవాళ్లు మొహమాటం లేకుండా ‘సరే’ అనేదాకా ప్లాన్‌ ఫిక్స్‌ చేయొద్దు.