రాలిన కొమ్ములు

మన పాఠశాల వార్షిక సంచికకు పూర్వవిద్యార్థులు కూడ ఒక వ్యాసమును పంపవలెనని సంపాదకులు కోరిరి. అమెరికాలోని మోంటానా రాష్ట్రమున కాపురముండు మేము, 2019వ సంవత్సరమున మాకు గలిగిన యొక భయమును, దానివలన నేర్చిన పాఠమును వ్రాయుచున్నాము.

వేసవి సెలవులలో మనము సీమచింతకాయలకై తోపులవెంట తిరిగినట్లే, అచ్చటివారు వసంతకాలమున రాలిన కొమ్ములకై కొండలవెంట తిరుగుదురు. ఎల్క్ అనునది మన కణుజునకు దగ్గరి బంధువైన పెద్ద మృగము. పోతునకు మాత్రమే కొమ్ములుండును. ఆవుకొమ్మువలె అవి జీవితాంతము నిలువవు. అవి కేవలము ఎముక; ఏటేట మార్చి, ఏప్రిల్ నెలలలో మొదలు వదులై రాలిపోవును. పిమ్మట క్రొత్తవి మొలచి, వేసవిలో దినమునకు ఒక అంగుళము వరకు పెరుగును. పెద్ద పోతు కొమ్ముల జత 18 కిలోల వరకు తూగును.

ఎల్లోస్టోన్ జాతీయవనమునుండి ఈ కొమ్ములను తెచ్చుట నేరము. మన దేశమునను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి దుప్పికొమ్మును అడవినుండి తెచ్చుకొనరాదు. మోంటానాలో ఎల్కులు చలికాలము గడుపు ప్రభుత్వ క్షేత్రములలో అనేకము మే 15వ తేదీ మధ్యాహ్నము వరకు మూయబడి యుండును. చలికి చిక్కిన మృగములను మనుష్యులు బెదరింపకుండుటకే ఈ నియమము. అటుపిమ్మట ఏరుకొనవచ్చును.

కాని ఆ కాలముననే గ్రిజ్లీ అను గోధుమవన్నె ఎలుగుబంట్లు, నెలల తరబడి ఆహారము లేక, గుహలు విడిచి వచ్చును. ఎల్కులు చలికాలము గడిపినచోటనే కొమ్ములు రాలును. బలహీనమైనవి అచ్చటనే చచ్చును. ఆ కళేబరములకై ఎలుగును అచ్చటికే వచ్చును. మరియు కొమ్ములు వెదకువాడు తల వంచుకొని, మాటాడక, బాట విడిచి, పొదలలో దూరును. ఎలుగున్న అడవిలో చేయరాని పనులన్నియు ఇవియే!

మాకు తోడు వచ్చిన పొరుగింటి వృద్ధుడు బయలుదేరుటకు ముందే ఈ సంగతులు చెప్పెను. ముగ్గురికి తక్కువగా పోరాదు. పొదలయొద్దను, వాగులయొద్దను బిగ్గరగా మాటలాడవలెను. ఒకరు నేలను చూచుచుండగా మరియొకరు తల యెత్తి కొండను చూడవలెను. ఎలుగు కనబడినయెడల పరుగెత్తరాదు. అది గంటకు 50 కిలోమీటర్లకు మించి పరుగెత్తగలదు. మీదికి వచ్చినచో, ముప్పది అడుగుల దూరమున నుండగనే మందుడబ్బా నొక్కి మేఘమువలె అడ్డము చిమ్మవలెను. అప్పటికిని పైబడినచో, మూట వీపుననే యుంచుకొని, బోరగిలబడి, చేతులు మెడవెనుక పెనవేసికొని కదలక యుండవలెను. ఆ డబ్బాలోనిది మరేమియు కాదు. మన గుంటూరు మిరపకాయకు కారము నిచ్చు పదార్థమే!

మే 18వ తేదీ శనివారము, మేమిద్దరము, పదమూడేండ్ల మా కుమారుడు, ఆ వృద్ధుడు బయలుదేరితిమి. రెండు గంటలలో రెండు కొమ్ములు దొరకెను. దానితో మేము నియమములను మరచితిమి. మాటలు తగ్గినవి, నలుగురము నాలుగు దిక్కుల నేలనే చూచుచుంటిమి. నడుమునకు తగులుచున్నదని మా డబ్బాను తీసి మూటలో పడవైచితిమి.

"అమ్మా! నాన్నగారూ! అదిగో, ఆ రెంటికంటె పెద్దది!" అని మా వాడు క్రింది పొదవైపు పరుగెత్తబోయెను.

"బాబూ, ఆగు!" అని వృద్ధుడు వాని భుజము పట్టుకొనెను.

పొదపైనుండి కాకోలములు గుంపుగా లేచెను. గాలితో దుర్గంధము వచ్చెను. నూరు గజముల దూరమున ఒక ఎల్కు కళేబరమును, దానివెనుక మూపు ఎత్తుగానున్న గోధుమవన్నె రూపమును కనబడెను. అది వెనుకకాళ్లపై నిలిచి మావైపు చూచెను. మా చేయి నడుమునకు పోయెను. అచ్చట డబ్బా లేదు. ఆ క్షణమున మాకు కలిగిన సిగ్గు భయముకంటె తక్కువది కాదు. వృద్ధుడు తన డబ్బాను చేతబట్టి, మెల్లని గొంతుతో ఎలుగుతో మాటలాడుచు, మమ్ములను తన వెనుక నడిపించుకొని వెనుకకు అడుగులు వేసెను. ఎలుగు ముందునకు కొంతదూరము వచ్చి, ఆగి, మరల తన మాంసమునకే పోయెను. దేవుని కృపవలన అందరము క్షేమముగా బండిని చేరితిమి.

దారిపొడుగున మా వాడు ఆ కొమ్మునకై విచారించెను. "అది ఎలుకలకు చెందవలసినది, కొరికి తినును. నీవు మీ అమ్మకు చెందవలసినవాడవు" అని వృద్ధుడు నవ్వెను. ఏలీయాకు ఆహారము తెచ్చిన కాకోలములే ఆ దినము మాకు హెచ్చరిక తెచ్చినవని మేమును వానికి చెప్పితిమి.

ఆ రెండు కొమ్ములు నేడు మా గోడపై నున్నవి. చూడవచ్చినవారికి మా వాడు వానిని గూర్చి చెప్పడు. గోడపై లేని మూడవదానిని గూర్చియే చెప్పును. డబ్బా మూటలో నుండిన సంగతి మేము చెప్పుదుము. ప్రియమైన బాలబాలికలారా, వెదకునది దొరకుచున్న వేళనే తల యెత్తి చూడవలెను. ఆ నియమమును మేము విన్నది ఉదయమున, నేర్చుకొన్నది మధ్యాహ్నమున.