ఓకోనీ ఒడ్డున దక్కని న్యాయం

అట్లాంటా శివార్లలో స్థిరపడిన తెలుగువాళ్లు సెలవు దొరికితే కార్లేసుకుని జార్జియా అంతా చుట్టివస్తారు. ఓకోనీ, ఓక్మల్గీ, చాటహూచీ నదుల వంతెనలు దాటుతారు. ఒకప్పుడు ఆ ఒడ్ల మీద క్రీకులనే ఆదివాసీ జాతి ఊళ్లు, వేట అడవులు ఉండేవని తెలిసినవాళ్లు తక్కువ. తుపాకీ పట్టకముందు ఆ జాతి పెద్దలు ఎన్నేళ్లు న్యాయం అడిగారో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

1783, 1786 మధ్య జార్జియా రాష్ట్రం అగస్టా, గాల్ఫిన్‌టన్, షోల్డర్‌బోన్‌లలో క్రీకులతో మూడు భూమి ఒప్పందాలు రాయించుకుంది. సంతకాలు పెట్టింది కొద్దిమందే. జాతి మొత్తం తరఫున భూమి ఇచ్చే హక్కు వాళ్లకు లేదని క్రీకుల నాయకుడు అలెగ్జాండర్ మెక్‌గిలివ్రే ఎదురుతిరిగాడు. అతని తండ్రి స్కాట్లండ్ వర్తకుడు, తల్లి క్రీక్. అయినా వలసదారులు ఆగలేదు. అడవులు నరికి పొలాలు వేశారు. రెండు వైపులా రక్తం పారింది.

1790లో మెక్‌గిలివ్రే పెద్దలను వెంటబెట్టుకుని న్యూయార్క్ వెళ్లాడు. ఆగస్టు 7న జార్జ్ వాషింగ్టన్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. ఓకోనీకి తూర్పునున్న భూమి వదులుకున్నారు. మిగిలిన దానికి అమెరికా హామీ ఇచ్చింది, ఏటా 1,500 డాలర్లు ఇస్తామంది. క్రీకుల నేలలో దిగిన అమెరికన్‌ను వాళ్లే శిక్షించుకోవచ్చనీ, ఎవరికి అన్యాయం జరిగినా ముందు అవతలివాళ్లను న్యాయం అడగాలనీ, ఇవ్వనంటేనే ప్రతీకారమనీ రాసుకున్నారు.

ఆ రాత సరిహద్దులో చెల్లలేదు. 1793లో తెల్లజెండాతో చర్చలకు వచ్చిన క్రీక్ పెద్ద డేవిడ్ కార్నెల్‌ను మిలిషియా చంపింది. అదే ఏడాది జార్జియా మిలిషియా చాటహూచీ మీదున్న ఒక క్రీక్ ఊరిపై పడి ప్రాణాలు తీసింది. క్రీకులను చంపిన తెల్లవాడికి అక్కడి జ్యూరీ శిక్ష వేయడం అరుదు.

క్రీకుల పెద్దలు మాత్రం తమవాళ్లనూ వదల్లేదు. 1813లో ఒహైయో నది దగ్గర వలస కుటుంబాలను చంపిన లిటిల్ వారియర్‌కు, అతని అనుచరులకు క్రీక్ సభే మరణశిక్ష అమలు చేసింది. ఆ శిక్షతో జాతి రెండుగా చీలి అంతర్యుద్ధం రగిలింది. అయినా ఆ యుద్ధంలోకి దిగిన అమెరికా సేనాని ఆండ్రూ జాక్సన్ 1814లో ఫోర్ట్ జాక్సన్ దగ్గర సుమారు 2.3 కోట్ల ఎకరాలు రాయించుకున్నాడు. అందులో అతని పక్షాన పోరాడిన క్రీకుల భూములూ ఉన్నాయి.

ఒప్పందాన్ని కాపాడాల్సిన ప్రభుత్వమే చేతులెత్తేసింది. క్రీకుల రాయబారం చెడింది అందువల్లే, వాళ్ల ఓర్పు చాలక కాదు.

జార్జియాలో ఇల్లు కట్టుకున్న తెలుగు కుటుంబాలు ఒక్కసారైనా మేకన్‌లోని ఓక్మల్గీ దిబ్బల పార్కుకు వెళ్లాలి. పిల్లలకు ఈ కథ అక్కడే చెప్పాలి.