గుర్దా ఇచ్చే గవాహీ

ఉర్దూ మీడియంలో గుర్దా అని చదువుకున్నది డిగ్రీలో మూత్రపిండం అయింది. తెలుగు మాట దాని పని చెబుతుంది. ఉర్దూలో హిమ్మత్‌కి కూడా గుర్దా అనే అంటాం. దిల్ గుర్దా ఉన్నోడు అంటే దేనికీ జంకనోడు.

నిజంగానే దానికి బర్దాష్ ఎక్కువ. రెండూ కలిపితే సుమారు మూడు వందల గ్రాములే ఉంటాయి, కానీ గుండె పంపే ఖూన్‌లో ఐదో వంతు వాటికే పోతుంది. రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి. గుర్దాలోని సన్నటి గొట్టాల కణాలు కొన్ని దవాల్ని ఖూన్‌లోంచి లాగి తమలో పోగేసుకుంటాయి. బయటికి పంపడానికే ఆ పని, కానీ జహర్ ముందు తగిలేదీ వాటికే.

అందుకే కొత్త దవాని మనిషికి ఇవ్వకముందు ల్యాబుల్లో గుర్దా ముక్క మీద పరీక్ష చేస్తారు. ఎలుకల గుర్దాలు వాడతారు. కణితి కోసం ఆపరేషన్ చేసి తీసేసిన మనిషి గుర్దాలో బాగున్న భాగం, దానం చేసినా మార్పిడికి పనికిరాని గుర్దా కూడా వాడతారు. మిల్లీమీటరులో నాలుగో వంతు మందాన పొరలు కోస్తారు. 37 డిగ్రీల వేడి, ఆక్సిజన్, పోషక ద్రవం ఇస్తే పొర ఒకటి రెండు రోజులు జిందా ఉంటుంది. కణాలన్నీ వాటి వాటి జాగాల్లోనే ఉంటాయి. అప్పుడు దవా కలిపి చూస్తారు. కణానికి తాఖత్ ఇచ్చే ఏటీపీ తగ్గిందా? కణం చిట్లి లోపలి ఎంజైమ్ బయటికి కారిందా? అదే ఆ ముక్క ఇచ్చే గవాహీ.

ఇదంతా నేనెందుకు చదివానంటే, మా ఖాలాకు షుగర్. గుర్దాలు సగమే పనిచేస్తున్నాయన్నారు డాక్టర్. మొన్న ఆమె ఒక పొడి పొట్లం చూపించింది. "జడీబూటీ బేటా, అంగ్రేజీ దవా కాదు. నుక్సాన్ ఏముంటది?" పొట్లం మీద పేరు లేదు.

1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడదామని చైనా మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్లూ ఇలాగే అనుకుని ఉంటారు. ఆ మాత్రల్లో ఒక మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మూలిక కలిసింది. దాదాపు వంద మందికి గుర్దాలు చెడ్డాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. యునానీ కితాబుల్లో జరావంద్, మన పల్లెల్లో ఈశ్వర వేరు ఆ జాతివే.

2017లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు మనిషి కలేజీ కణాల్ని, గుర్దా కణాల్ని చిన్న చిప్పుల్లో పెంచి కలిపారు. ఆ మూలికలోని ఆమ్లం కలేజీ గుండా వెళ్లి వస్తే గుర్దాకు నష్టం బాగా పెరిగింది. ఒక్క గుర్దానే అడిగితే ఈ సంగతి పూర్తిగా తెలిసేది కాదు. రెండు రోజులు బతికే ముక్క, ఏళ్ల తరబడి చేసే నుక్సాన్ మొత్తం చెప్పలేదు కూడా.

అంగ్రేజీ దవాలు మాసూం అని నేననను. క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ గుర్దాని దెబ్బతీస్తుంది. కానీ ఆ మాట తెలుసు కనుక ముందుగా సెలైన్ ఎక్కిస్తారు, క్రియాటినిన్ చూస్తారు, అవసరమైతే మోతాదు తగ్గిస్తారు. ఫరక్ దేశీకీ అంగ్రేజీకీ మధ్య కాదు. పేరు, మోతాదు తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య. పేరు లేని పొడి మీద ఏ ల్యాబులో ఎన్ని ఇమ్తిహాన్‌లు జరిగినా మన ఖాలాలకు ఫాయిదా లేదు.

"హకీం సాబ్‌ని అడుగు ఖాలా, ఇందులో ఏమేముంది, ఎంతెంత ఉంది? కాగితం మీద రాయించు. డాక్టర్‌కి చూపిద్దాం" అన్నాను.

"పెద్దాయన్ని అట్ల అడుగుతరా బేటా? బురా మానుకుంటారు."

అడగాలంటే గుర్దా కావాలి మరి. ఖాలా ఇంకా అడగలేదు. పొట్లం మాత్రం విప్పకుండా తాఖ్‌లో పెట్టింది. నాకు అంతవరకు తసల్లీ.